అపలాచియన్ కొండల్లో సాలమాండర్ల లెక్క: నా మొదటి ఫీల్డ్ సీజన్

తడినేల | 11 మే 2025, రాత్రి 9:40

నమస్కారం. మాది బద్వేలు దగ్గర పల్లె. ఇక్కడ అమెరికాలో వన్యప్రాణి శాస్త్రంలో మాస్టర్స్ చేస్తున్నాను. మొదటి ఫీల్డ్ సీజన్ ఈ వారమే మొదలైంది. ఆగస్టు రెండో వారం దాకా నార్త్ కరోలినా పడమటి కొండల్లో, పిస్గా జాతీయ అడవిలో ఉంటాను. ఈ పని గురించి తెలుగులో రాసినవాళ్లు నాకు కనిపించలేదు. అందుకే సీజన్ అయ్యేదాకా ఇక్కడ రాస్తుంటాను. తెలిసినవాళ్లు సలహా ఇవ్వండి, తప్పు చేస్తుంటే చెప్పండి.

నా పని సాలమాండర్ల మీద. చూడటానికి బల్లిలా ఉంటుంది కానీ కప్పకు చుట్టం. పొలుసులు ఉండవు, ఒళ్లంతా తడి. దక్షిణ అపలాచియన్ కొండల్లో ఉన్నన్ని రకాలు ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. ఇక్కడికి దగ్గర్లోని గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ పార్కులోనే దాదాపు 30 రకాలున్నాయి. వాటిలో చాలావాటికి ఊపిరితిత్తులే లేవు. చర్మంతోనూ నోటి లోపలి పొరతోనూ గాలి తీసుకుంటాయి. చర్మం ఎండితే ఊపిరి ఆడదు. అందుకని పగలు రాళ్ల కింద, దుంగల కింద, నేల సందుల్లో ఉండి, తడి రాత్రుల్లో పైకొస్తాయి. మేమూ అప్పుడే బయల్దేరతాం.

2024 సెప్టెంబర్ 27న హెలీన్ తుఫాను ఈ కొండల మీద విరుచుకుపడింది. కొన్ని చోట్ల మూడు రోజుల్లో 30 అంగుళాల పైన వాన. కొన్ని వాలుల్లో చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. నిండు నీడలో ఉన్న నేల ఒక్క రోజులో ఎండకు వచ్చింది. అక్కడి సాలమాండర్లు ఏమయ్యాయన్నది నా ప్రశ్న. చెట్లు కూలిన చోట ఆరు ప్లాట్లు, నీడ నిలిచిన చోట ఆరు పెట్టుకున్నాను. ఒక్కోటి 10 మీటర్ల చదరం. వాన పడిన రాత్రి వెళ్లి కనిపించినవాటిని లెక్కపెట్టి, కొలిచి, గుర్తు వేసి వదిలిపెట్టాలి. నాతో ఒక అండర్‌గ్రాడ్ అమ్మాయి పనిచేస్తోంది.

---

కప్పలగోల | 12 మే 2025, ఉదయం 7:15

చాలా సంతోషం! నేను పడమటి కనుమల్లో కప్పల మీద నాలుగు వానాకాలాలు పనిచేశాను. మనకు దక్షిణాదిలో సాలమాండర్లే లేవు. మన దేశంలో చూడాలంటే డార్జిలింగ్ వైపు కొండలకో ఈశాన్యానికో పోవాల్సిందే. కాబట్టి ఈ థ్రెడ్ వదలను.

రెండు మాటలు. తడవని కాగితం పుస్తకం, పెన్సిల్ తీసుకెళ్లండి. ఫోన్‌లో రాసుకుందామనుకుంటే తడి వేలికి తెర పలకదు. రెండోది, ఒక్కో జంతువుకు కొత్త గ్లవ్స్ వేసుకోండి. ఒక వాలు నుంచి ఇంకో వాలుకు వెళ్లేముందు బూట్లు బ్రష్‌తో రుద్ది, బ్లీచ్ నీళ్లతో కడగండి. కప్పలను చంపే కైట్రిడ్ బూజుకు ఒక తోబుట్టువుంది, సాలమాండర్లను తినేది. 2013లో నెదర్లాండ్స్‌లో బయటపడింది. అది ఇప్పటిదాకా అమెరికాలో కనబడలేదు. అది వస్తుందన్న భయంతోనే 2016లో అక్కడి ప్రభుత్వం 20 ప్రజాతుల (దగ్గరి రకాల గుంపుల) సాలమాండర్ల దిగుమతిని ఆపేసింది. మన బూట్లు దానికి దారి కాకూడదు.

---

సంభావ్యత | 12 మే 2025, రాత్రి 11:02

నేను గణాంకాల్లో పీహెచ్‌డీ చేస్తున్నాను. మీ ప్రశ్న నచ్చింది. మీ పద్ధతిలో ఒక పెద్ద ఇబ్బంది కనిపిస్తోంది, ఇప్పుడే చెప్పడం మంచిది.

వాన రాత్రి మాత్రమే వెళ్తానన్నారు. కూలిన ప్లాట్‌లో 3, నీడ ప్లాట్‌లో 15 కనిపించాయనుకోండి. పన్నెండు చచ్చిపోయాయా, పక్కకు వెళ్లిపోయాయా, నేల కింద ఉండి ఆ రాత్రి పైకి రాలేదా? మీ లెక్క ఈ మూడింట్లో ఏదీ చెప్పలేదు.

చెరువులో చేపల లెక్కతో పోల్చండి. మొదటి రోజు 20 పట్టి గుర్తు వేసి వదిలాం. రెండో రోజు 20 పడితే అందులో 5 గుర్తువి. నాలుగోవంతు గుర్తువి కాబట్టి చెరువులో సుమారు 80 ఉన్నట్టు. కానీ ఇది వలకు ప్రతి చేపా సమానంగా దొరుకుతుందనుకుంటేనే. మీ చెరువులో చేపల్లో చాలాభాగం ఏ రాత్రికారాత్రి బురద అడుగున ఉంటుంది.

నా సలహా: ఒకే ప్లాట్‌కి వరుసగా మూడు రాత్రులు వెళ్లండి. మూడు వారాలు వదిలేసి మళ్లీ మూడు రాత్రులు. ఆ మూడు రాత్రుల్లో చావులూ వలసలూ లేవనుకోవచ్చు, మధ్య వారాల్లో ఉండొచ్చు. అప్పుడు పైకి వచ్చినా మన కంటపడకపోవడాన్నీ అసలు పైకి రాకపోవడాన్నీ విడదీయగలం. తేదీలు ముందే రాసిపెట్టుకోండి. వాన రాకపోయినా వెళ్లండి.

---

తడినేల | 13 మే 2025, ఉదయం 6:30

నిన్న రాత్రంతా దీని గురించే ఆలోచించాను. మా ప్రొఫెసర్‌తో మాట్లాడితే ఆయనా ఇదే మాట అన్నారు. పొడి రాత్రులు కూడా వెళ్లాలంటే వారానికి నాలుగైదు రాత్రులు నిద్ర ఉండదు. అయినా మారుస్తున్నాను. నాలుగేసి ప్లాట్ల గుంపులు మూడు. ఒక్కో గుంపుకు మూడు రాత్రులు. అంటే ఒక విడతకు తొమ్మిది రాత్రులు, మొత్తం నాలుగు విడతలు. ప్రతిసారీ తేమ, నేల ఉష్ణోగ్రత, వాన ఎప్పుడు పడిందీ రాస్తాను.

---

అమ్మమనసు | 13 మే 2025, మధ్యాహ్నం 1:20

తల్లీ, నీ పోస్టు చదివాక నాకు నిద్ర పట్టేలా లేదు. మా అమ్మాయి కూడా అమెరికాలోనే ఉంది. ఇద్దరు ఆడపిల్లలు అర్ధరాత్రి అడవిలోనా? ఎలుగుబంట్లు ఉంటాయంటారు కదా. మీ అమ్మకు చెప్పావా?

---

తడినేల | 13 మే 2025, రాత్రి 8:05

చెప్పానండీ, అమ్మకూ ఇదే టెన్షన్. ఒంటరిగా ఎప్పుడూ వెళ్లం, అది మా ల్యాబ్ నియమం. అడవిలో సిగ్నల్ ఉండదు కాబట్టి శాటిలైట్ మెసెంజర్ ఉంటుంది. బయల్దేరేటప్పుడు, ఒక్కో ప్లాట్ అయ్యాక, కారు ఎక్కాక ల్యాబ్‌లో ఒకరికి మెసేజ్ పోతుంది. చెప్పిన టైముకు ఒక గంట దాటినా మా నుంచి కబురు రాకపోతే వాళ్లు కదులుతారు. ఉరుము వినిపిస్తే పని ఆపి కారు దగ్గరికి వచ్చేస్తాం.

ఇక్కడివి నల్ల ఎలుగులు. మనిషి మాట వినిపిస్తే తప్పుకుంటాయి, అందుకే మాట్లాడుకుంటూ నడుస్తాం. తిండి వాసన విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. అమ్మ పంపిన ఆవకాయ సీసా మొదటి రోజు కారులో ఉంచబోతే ఫీల్డ్ స్టేషన్ ఆవిడ ఆపింది. వాసనకు ఎలుగు కారు తలుపు కూడా తెరుస్తుందట. ఇప్పుడు ఆవకాయ, నెయ్యి, టూత్‌పేస్ట్‌తో సహా అన్నీ ఇనుప పెట్టెలో ఉంటాయి.

---

మందులచీటీ | 14 మే 2025, రాత్రి 10:48

నేను ఇదే రాష్ట్రంలో డాక్టర్‌ని. ఎలుగు కన్నా పిడుదుల గురించి ఆలోచించండి. మన పశువుల ఒంటి మీద ఉండే పిడుదులకు దాయాదులు. ఇక్కడ ఒక్కో రకం ఒక్కో జబ్బు తెస్తుంది. నల్లకాళ్ల పిడుదుతో లైమ్. డాగ్ టిక్‌తో రాకీ మౌంటెన్ స్పాటెడ్ ఫీవర్, దానికి మందు ఆలస్యమైతే ప్రాణం మీదకు వస్తుంది. వీపు మీద తెల్లచుక్క ఉండే లోన్ స్టార్ పిడుదు కుడితే కొందరికి ఎర్రమాంసం పడకుండా పోతుంది. మటన్ తిన్న రెండు నుంచి ఆరు గంటల తర్వాత దద్దుర్లు, కడుపునొప్పి, ఒక్కోసారి ఊపిరాడకపోవడం. తిన్నదానికీ దద్దుర్లకూ అంత ఎడం ఉండటంతో చాలామంది కారణం పోల్చుకోలేరు.

ప్యాంటు సాక్సులోకి దోపండి. స్టేషన్‌కు రాగానే స్నానం, మోకాళ్ల వెనక, చంకలు, తల వెంట్రుకల మధ్య వెతకడం. కుట్టి ఉంటే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగండి. కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్ల అంటించడం వద్దు. కుట్టిన తేదీ రాసుకోండి. జ్వరం వస్తే ఆ తేదీ చెప్పి డాక్టర్‌ని కలవండి.

---

కప్పలగోల | 15 మే 2025, ఉదయం 6:50

డాక్టర్ గారి మాటకు ఒకటి కలుపుతాను. బట్టలకు కొట్టే పెర్మెత్రిన్ పిడుదులకు బాగా పనిచేస్తుంది కానీ ఉభయచరాలకు విషం. వెళ్లడానికి చాలా ముందే బట్టలకు కొట్టి పూర్తిగా ఆరబెట్టండి. చేతులకు ఏ దోమల మందూ రాయకండి. ఆ చేత్తో సాలమాండర్‌ని పట్టుకుంటే అది పీల్చే చర్మం మీదే మందు పూసినట్టు.

---

రాళ్ళవాగు | 24 మే 2025, సాయంత్రం 5:33

హాయ్. నేను షార్లెట్‌లో ఐటీలో పనిచేస్తాను. వారాంతాల్లో ఆ కొండలకే వస్తాం. పిల్లలకు వాగులో రాళ్లు ఎత్తి చూపిస్తే చిన్న చిన్న సాలమాండర్లు దొరుకుతాయి, వాళ్లకు భలే సరదా. రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఫొటోలు కూడా తీసుకుంటాం. మీ ప్లాట్లు ఎక్కడో చెప్తే ఈ శనివారం వచ్చి చూస్తాం. హెల్‌బెండర్ అని పెద్దది ఉంటుందట కదా, అది ఎక్కడ దొరుకుతుంది?

---

తడినేల | 25 మే 2025, ఉదయం 11:10

రాళ్ళవాగు గారూ, పిల్లలకు ఇవి చూపిస్తున్నందుకు నిజంగా సంతోషం. చోటు మాత్రం చెప్పలేను, ఏమనుకోకండి. వీటిని పట్టి అమ్మేవాళ్లున్నారు. నా పర్మిట్ ప్రకారం కూడా చోటు బయటపెట్టకూడదు.

హెల్‌బెండర్ అమెరికా సాలమాండర్లలో చాలా పెద్దది, రెండు అడుగుల పైన పెరుగుతుంది. వేగంగా పారే చల్లని నీటిలో పెద్ద బండరాయి కింద ఉంటుంది. గుడ్లకు మగది కాపలా కాస్తుంది. 2024 డిసెంబర్‌లో దీన్ని అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జంతువుగా చేర్చాలని ప్రభుత్వం ప్రతిపాదించింది. హెలీన్ వరదకు దాని ఏళ్ల నాటి రాళ్లు ఎన్నో కొట్టుకుపోయాయి, లేదంటే ఇసుకతో పూడిపోయాయి. అందుకని వాగులో రాళ్లు కదపకండి, పేర్చకండి. ఒక్కో రాయి కింద ఒక ఇల్లు ఉంటుంది. పిల్లలకు చూపాలంటే వాన పడిన రాత్రి ఏదైనా క్యాంప్‌గ్రౌండ్ దారి పక్కన టార్చ్ వేసి నెమ్మదిగా నడవండి. ఏదీ ఎత్తక్కర్లేదు, అవే పైకొస్తాయి.

---

రాళ్ళవాగు | 25 మే 2025, రాత్రి 9:15

ఇది మాకు తెలియదండీ. ఇకమీదట రాళ్లు ముట్టుకోం. పెద్దవాడికి మీ పోస్టు చదివి వినిపించాను, తను పేర్చినవి ఇప్పుడే వెళ్లి తీసేద్దామంటున్నాడు.

---

తడినేల | 2 జూన్ 2025, తెల్లవారుజాము 3:20

మొదటి విడత అయింది. ఇప్పుడే స్టేషన్‌కు వచ్చాం, నిద్ర రావడం లేదు.

రాత్రి తొమ్మిదిన్నరకు ప్లాట్‌కు చేరాం. సన్నటి వాన, పొగమంచు, 13 డిగ్రీలు. ఐదు నిమిషాలు లైటు ఆర్పి నిలబడ్డాం. మళ్లీ వెలిగిస్తే ఆకుల మీద, నాచు మీద, చెట్ల మొదళ్లకు అంటుకుని అంతటా అవే. మా ప్లాట్లలో ఎక్కువగా ఉండేది బూడిద చెంపల రకం. ఒళ్లు నలుపు, చెంపలు లేత బూడిద. దీని దగ్గరి చుట్టాల్లో స్మోకీ కొండల్లో ఉండేదానికి చెంపలు ఎరుపు, నంతహాల కొండల్లో ఉండేదానికి కాళ్లు ఎరుపు. కొండ తలలు చల్లన, మధ్య లోయలు వెచ్చన. ఆ వెచ్చదనం దాటలేక లక్షల ఏళ్లు ఏ కొండవి ఆ కొండ మీదే ఉండిపోయి వేర్వేరు రకాలయ్యాయి.

ఒక్కోదాన్ని తడి ప్లాస్టిక్ సంచిలో వేసి ముక్కు నుంచి తోక మొదలు దాకా కొలుస్తాం. బరువు నాలుగు గ్రాములు, ఐదు గ్రాములు. తర్వాత సన్న సూదితో పొట్ట వైపు చర్మం కింద రంగు రబ్బరు చుక్క. నాలుగు కాళ్ల దగ్గర నాలుగు చోట్లు, నాలుగు రంగులు. ఏ చోట ఏ రంగు అన్నదే దాని నంబరు. నీలం టార్చ్ వేస్తే ఆ చుక్క మెరుస్తుంది. ఎక్కడ తీశామో సరిగ్గా అక్కడే వదులుతాం. మొదటిసారి సూది పట్టుకున్నప్పుడు చేయి వణికింది. అంత చిన్న ప్రాణం, నా వల్ల నొప్పి. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉంది, పద్ధతి నేర్చుకునే వచ్చాను, అయినా వణికింది.

వీటి జిగురు వేళ్లకు అంటితే సబ్బుకు పోదు. పామో పక్షో నోట కరచుకుంటే నోరు అతుక్కుపోయేలా చేసేది ఆ జిగురే.

ఈ రాత్రి యోనాలోసీ అనే ఇంకో రకం సాలమాండర్ కూడా కనబడింది. వీపంతా ఇటుక ఎరుపు. ఇద్దరం చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాం.

---

పల్లెబాట | 3 జూన్ 2025, సాయంత్రం 6:00

మంచి మనసుతోనే అడుగుతున్నానమ్మా. మాది వ్యవసాయం. ఇంత కష్టపడి లెక్కపెడితే ఎవరికి ఏం ఉపయోగం?

---

కప్పలగోల | 3 జూన్ 2025, రాత్రి 8:30

అడగాల్సిన ప్రశ్నేనండీ. ఇదే అపలాచియన్ పర్వతాల ఉత్తర భాగంలో, న్యూ హాంప్‌షైర్‌లో హబ్బర్డ్ బ్రూక్ అనే అడవి ఉంది. 1975లో అక్కడి సాలమాండర్లన్నిటి బరువు లెక్క కట్టారు. గూళ్లు కట్టే కాలంలో ఆ అడవిలోని పక్షులన్నిటి బరువుకు రెట్టింపు తేలింది. కళ్లకు కనబడే పక్షి కన్నా కనబడని సాలమాండర్ మాంసమే ఎక్కువన్నమాట. రాలిన ఆకులను తినే పురుగుల్ని ఇవి తింటాయి, వీటిని పాములు, పక్షులు తింటాయి. మీ పొలంలో వానపాము ఎలాగో ఆ అడవి నేలకు ఇవి అలాగ.

---

పల్లెబాట | 3 జూన్ 2025, రాత్రి 9:12

వానపాము అన్నారు, అర్థమైంది. రాస్తూ ఉండమ్మా.

---

తడినేల | 21 జూన్ 2025, మధ్యాహ్నం 2:45

రెండో విడత సగంలో ఉన్నాం. ఐదు రాత్రులు వాన లేదు. ఆకులు కాలి కింద పెళపెళలాడుతున్నాయి. కూలిన ప్లాట్లలో సున్నా, సున్నా, సున్నా. నీడ ప్లాట్లలో ఒకటి, సున్నా, రెండు.

కూలిన ప్లాట్లలో నడవడమే కష్టం. అడ్డదిడ్డంగా పడ్డ చెట్ల కిందినుంచి పాకాలి. ముళ్లపొదలు నడుము దాకా లేచాయి. నిన్న ఒక దుంగ దాటబోతే రెండడుగుల దూరంలో కాపర్‌హెడ్ పాము చుట్టుకుని ఉంది. వెనక్కి వచ్చేశాం. అంత చేసి పుస్తకంలో సున్నా రాయాలంటే ప్రాణం ఉసూరుమంటోంది. ఫోన్‌లో నాయన "ఎన్ని దొరికాయమ్మా" అని అడిగితే చెప్పలేకపోయాను.

---

నల్లమల_దారి | 21 జూన్ 2025, రాత్రి 10:20

అమ్మా, నేను నల్లమలలో అటవీ శాఖలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను. మొదటి నుంచీ చదువుతున్నాను, ఈరోజు రాయాలనిపించింది.

మా రోజుల్లో పులుల లెక్కంటే పాదముద్రలు. ముద్ర మీద అద్దం పెట్టి గీసుకునేవాళ్లం, ప్లాస్టర్ పోసి అచ్చు తీసేవాళ్లం. చెంచు ట్రాకర్లు ముందు నడిచేవాళ్లు, వాళ్ల కన్ను మాకు లేదు. ఏ పులిది ఏ ముద్రో మేం ఖాయంగా చెప్పేవాళ్లం. అలాంటి లెక్కల్లోనే రాజస్థాన్ సరిస్కాలో పులులు ఉన్నట్టు కాగితాల్లో ఉండేది. 2005కల్లా అక్కడ ఒక్కటీ లేదని తేలింది. ఆ తర్వాతే దేశమంతటి లెక్కలోకి కెమెరాలు వచ్చాయి, చారలను బట్టి ఒక్కో పులినీ గుర్తుపట్టి మీరు చెప్పే ఈ గుర్తుల లెక్కే మొదలైంది. కెమెరా మొహాన ఎన్నో రాత్రులు ఏమీ పడదు. ఆ ఖాళీ రాత్రులు కూడా రాసినందుకే లెక్క నిలబడింది.

రెండోది మీ ఊరి సంగతే. కలివికోడి. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిందనుకున్నారు. 1986లో మీ కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే స్థానికుడు రాత్రిపూట టార్చ్ వెలుగులో పట్టుకున్నాడు. ఎనభై ఆరేళ్లు అది అక్కడి పొదల్లోనే ఉంది. రాత్రి తిరిగే పిట్ట, పగలు వెతికితే ఏం కనబడుతుంది? కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు తల్లీ. మీ నాయనకు ఈ రాత్రి సున్నా అనే చెప్పు. ఆయనకు తెలుస్తుంది.

---

సంభావ్యత | 22 జూన్ 2025, ఉదయం 8:00

పెద్దాయన చెప్పాక నేను చెప్పేది చిన్నదే. నీడ ప్లాట్లలో కూడా పొడి రాత్రి దాదాపు సున్నా వచ్చింది. అంటే పొడి రాత్రి సున్నా కూలిన చెట్ల వల్ల కాదు, వాతావరణం వల్ల. ఈ ఐదు రాత్రులు లేకపోతే ఆ రెండింటినీ ఎప్పటికీ విడదీయలేకపోయేవారు.

---

తడినేల | 22 జూన్ 2025, రాత్రి 7:40

నల్లమల బాబాయ్ గారూ, నాయనకు ఫోన్ చేసి మీ పోస్టు చదివాను. "కలివికోడి మా జేజి చూసిందంట, చిన్నప్పుడు చెప్పేది" అన్నాడు. ఇన్నేళ్లలో ఆ మాట నాతో ఎప్పుడూ అనలేదు. ఈ రాత్రి ఆరో రాత్రి. వెళ్తున్నాం.

---

డిగ్రీ_ఫైనల్ | 5 జూలై 2025, ఉదయం 10:30

అక్కా, నేను బీఎస్సీ జువాలజీ చివరి ఏడాది. ఇలాంటి చదువుకు ఎలా అప్లై చేయాలి? డబ్బులు ఎంత కావాలి?

---

తడినేల | 6 జూలై 2025, ఉదయం 9:00

చాలా చోట్ల ముందు ఒక ప్రొఫెసర్ నిన్ను తీసుకోవడానికి ఒప్పుకోవాలి. అప్లికేషన్ ఆ తర్వాతే. ప్రాజెక్టు డబ్బు నుంచి కానీ పాఠాలు చెప్పే పని నుంచి కానీ ఫీజు మాఫీ, నెలకు కొంత జీతం వస్తాయి. అవి లేకుండా సొంత డబ్బుతో రావద్దనే నా సలహా. ఈమెయిల్ రాసేముందు ఆయన పేపర్లు రెండు మూడు చదివి, వాటిలో నీకు తోచిన ప్రశ్న ఒకటి అడుగు. నేను 40 మందికి రాశాను, ఏడుగురు బదులిచ్చారు.

ఫీల్డ్ అనుభవం ముఖ్యం. నేను డిగ్రీ అయ్యాక ఏడాదిన్నర కెమెరా ట్రాప్ సర్వేలో సహాయకురాలిగా పనిచేశాను. జీతం తక్కువే కానీ ఆ పనే ఇక్కడికి తెచ్చింది. ఇంకొకటి, కారు నడపడం బాగా నేర్చుకో. కంకర దారిలో, పొగమంచులో, రాత్రి రెండింటికి నడపాలి.

---

తడినేల | 16 జూలై 2025, తెల్లవారుజాము 4:05

ఈ రాత్రి సంగతి ఇప్పుడే చెప్పాలి.

మూడో విడత. సాయంత్రం గట్టి వాన. నాలుగో నంబరు ప్లాట్, కూలిన వాటిలో అన్నిటికన్నా ఎండ తగిలేది. జూన్‌లో మూడు రాత్రులూ సున్నా వచ్చిన చోటు. వేళ్లతో లేచిన ఒక పెద్ద ఓక్ చెట్టు కింద గుంట ఉంది, నడుము లోతు. దాని అంచున ఒక బూడిద చెంపల సాలమాండర్. తిప్పి నీలం టార్చ్ వేస్తే ముందు ఎడమ కాలి దగ్గర పసుపు, వెనక కుడి కాలి దగ్గర ఎరుపు మెరిశాయి.

పుస్తకం తిరగేశాం. మే చివర మొదటి విడతలో ఇదే ప్లాట్‌లో గుర్తు వేసినదే! అప్పుడు దొరికిన చోటికి నాలుగు మీటర్లు. జూన్ ఎండంతా అది అక్కడే, మా కాళ్ల కిందే ఉంది. బరువు 0.6 గ్రాములు తగ్గింది. నాలుగు గ్రాముల ప్రాణానికి అది తక్కువేం కాదు.

అమ్మకు రంగులు చెబితే పసుపు–కుంకుమ అని పేరు పెట్టింది.

---

నల్లమల_దారి | 16 జూలై 2025, మధ్యాహ్నం 3:30

తల్లీ, ఈ పోస్టు మా ఆవిడకు కూడా చదివి వినిపించాను. చల్లగా ఉండు.

---

సంభావ్యత | 16 జూలై 2025, రాత్రి 11:40

అద్భుతం. ఇదే కొండల మీద 1990ల్లో పెద్ద వాదన నడిచింది, చదివే ఉంటారు. 1993లో పెట్రాంకా అనే శాస్త్రవేత్త, ఇంకా ఇద్దరు, చెట్లు పూర్తిగా నరికేయడం వల్ల పశ్చిమ నార్త్ కరోలినాలో ఏటా సుమారు 1.4 కోట్ల సాలమాండర్లు పోతున్నాయని అంచనా వేశారు. కోలుకోవడానికి 50 నుంచి 70 ఏళ్లన్నారు. ఆ అంచనాను మరికొందరు ఒప్పుకోలేదు. 20–24 ఏళ్లకే తిరిగి వస్తాయని 1997లో యాష్ రాశారు. గొడవంతా మీ పసుపు–కుంకుమ దగ్గరే ఉంది: కనిపించనివి చచ్చాయా, కిందికి పోయాయా? ఒక్క జంతువుతో తేలదు కానీ, ఇలాంటివి ఎన్ని దొరికితే అంత మంచిది.

---

కప్పలగోల | 17 జూలై 2025, ఉదయం 7:05

ఒక తేడా మరచిపోవద్దు. నరికిన అడవిలో దుంగలు లారీ ఎక్కిపోతాయి. తుఫానుకు కూలిన చోట దుంగలు, వేళ్ల గుంటలు నేల మీదే ఉంటాయి. నీడ పోయినా తలదాచుకునే చోటు మిగిలింది. తడినేల గారు ఆ గుంటల్లో తేమ విడిగా కొలిస్తే బాగుంటుంది. ఇప్పుడు పడిపోయిన చెట్లను తీసి అమ్మే పనులు కూడా జరుగుతున్నాయి కాబట్టి ఈ సమాచారం వెంటనే పనికొస్తుంది.

---

తడినేల | 18 జూలై 2025, మధ్యాహ్నం 12:15

గుంటల్లో ఆరు చోట్ల తేమ, ఉష్ణోగ్రత రాసుకునే చిన్న లాగర్లు ఈరోజే పెట్టాను. ఈ ఆలోచన మీదేనని థీసిస్‌లో కృతజ్ఞతల పేజీలో రాస్తాను.

---

మందులచీటీ | 2 ఆగస్టు 2025, రాత్రి 9:50

పదిహేను రోజులుగా కబురు లేదు. ఒంట్లో బాగుందా?

---

తడినేల | 3 ఆగస్టు 2025, ఉదయం 8:20

బాగున్నానండీ. నా సహాయకురాలికి పిడుదు కుట్టిన తొమ్మిదో రోజు జ్వరం వచ్చింది. మీరు చెప్పినట్టు తేదీ రాసిపెట్టుకున్నాం, అది చూపించగానే ఆలస్యం చేయకుండా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. ఇప్పుడు కోలుకుంది. ఆమె లేని నాలుగు రాత్రులు ల్యాబ్ నుంచి ఒక సీనియర్ వచ్చాడు. ఒక్క రాత్రి మాత్రం ఎవరూ లేక వెళ్లలేదు, ఆ రాత్రి పుస్తకంలో గీత కొట్టి "వెళ్లలేదు" అని రాశాను. దాన్ని సున్నాగా రాయలేదు.

---

సంభావ్యత | 3 ఆగస్టు 2025, ఉదయం 9:05

ఆ గీత కొట్టినందుకు థాంక్స్. ఆమె కోలుకున్నందుకు ఇంకా సంతోషం.

---

తడినేల | 14 ఆగస్టు 2025, రాత్రి 10:00

నిన్నటితో నాలుగు విడతలూ అయ్యాయి. 36 రాత్రుల్లో 35 వెళ్లగలిగాం.

ఇంకా లెక్కలు కట్టలేదు, పుస్తకం చూస్తే కనిపించేది చెప్తాను. వాన రాత్రుల్లో కూడా కూలిన ప్లాట్లలో నీడ ప్లాట్ల కన్నా తక్కువే పైకి వచ్చాయి. కానీ గుర్తువి మళ్లీ దొరకడం రెండు చోట్లా ఉంది. కూలిన ప్లాట్లలో మళ్లీ దొరికినవి దాదాపు అన్నీ వేళ్ల గుంటల దగ్గర, లేదా మోకాలెత్తు దుంగల పక్కన. లాగర్లు కూడా అదే చెబుతున్నాయి. మధ్యాహ్నం బయట నేల ఎండిపోయినా గుంట అడుగు తడిగానే ఉంది. నాకు బెంగగా ఉన్నది బరువు. కూలిన చోటివి రెండోసారి దొరికినప్పుడు చాలావరకు తగ్గాయి. కింద దాక్కుంటే ప్రాణం నిలుస్తుంది, కానీ వేట పైనే కదా. తిండి చాలకపోతే ఆడవి గుడ్లు పెడతాయా? ఈ రకం ఆడవి ఏటేటా గుడ్లు పెట్టవు, గుడ్లు నేల లోపల ఎక్కడ పెడతాయో చూసినవాళ్లే చాలా తక్కువ. ఒక్క వేసవిలో తేలేది కాదు. వచ్చే మే నెలలో మళ్లీ వస్తాను.

ప్లాట్ల మూలల్లో జెండాలు తీసేశాం, ఇనుప మేకులు మాత్రం నేలలో ఉంచాం. బూట్లు చివరిసారి బ్లీచ్‌తో కడిగి ఎండబెట్టాను.

---

నల్లమల_దారి | 15 ఆగస్టు 2025, ఉదయం 7:30

చాలా బాగా చేశావు తల్లీ. ఒక్కటి అడుగుతాను. పసుపు–కుంకుమ చివరి విడతలో కనబడిందా?

---

తడినేల | 15 ఆగస్టు 2025, ఉదయం 8:10

లేదు బాబాయ్ గారూ. మూడు రాత్రులూ ఆ గుంట దగ్గర చూశాను. రెండు రాత్రులు వాన కూడా ఉంది. పుస్తకంలో సున్నా రాశాను. వచ్చే మే నెలలో మొదట వెళ్లేది నాలుగో ప్లాట్‌కే.